ఎర్రప్పడు మూసిన తూము

తూర్పు కొండల్లో జీలుగుమెట్ట అని ఒక గుట్ట ఉంది. పైనంతా నల్లరాయి, కిందంతా ఎర్రమట్టి. వాన పడితే ఆ రాతిలో చుక్క కూడా ఇంకదు. పడిందంతా పడినట్టే జారి మట్టి మీదికి వచ్చేస్తుంది. అందుకని ఆ మెట్ట మీద కాపురం పెట్టే జంతువు ఏదైనా సరే, ముందు నీళ్ళ సంగతి ఆలోచించుకోవాలి, ఆ తర్వాతే తిండి సంగతి.

ఆ వాలులో ఒక ముళ్ళపంది జంట ఉండేది. పెళ్ళాం నూకాలు, మొగుడు ఎర్రప్పడు. ఇల్లు నూకాలు వాళ్ళమ్మ తవ్వింది. ఎర్రప్పడు పెళ్ళి చేసుకుని ఆ ఇంటికి ఇల్లరికం వచ్చాడు. ఒంటి నిండా ముళ్ళే గానీ మనసులో ఒక్క ముల్లు లేదు వాడికి. కాకపోతే ఎవరు కాస్త మెచ్చుకున్నా కరిగిపోయేవాడు. నడుం వంచే పని ఎదురుపడితే మాత్రం, దాన్ని తప్పించుకోవడానికి ఎవరు ఏ దారి చూపించినా ఆ దారి మంచిదనుకునేవాడు.

నూకాలు వాళ్ళమ్మ ఆ ఇంటిని ఊరికే తవ్వలేదు. ఇంటి నెత్తిన, రాయి అయిపోయి మట్టి మొదలయ్యే చోట, నెలవంకలా ఒక కాలువ తీసింది. రాతి మీంచి వచ్చే నీరు అందులో పడి, ఇంటికి అటూ ఇటూ చీలి పోయేది. ఇంట్లో నేల మీద గులకరాళ్ళు పరిచింది. వాటి మీద మద్దిచెట్టు బెరడు, దాని మీద ఎండుటాకులు. భూమిలోని చెమ్మ గులకరాళ్ళ దగ్గరే ఆగిపోయేది. ఇక పల్లపు మూలన, గులకరాళ్ళ అడుగున, ఒక చిన్న తూము పెట్టింది. ఎంత జాగ్రత్తపడినా లోపలికి ఊరే నీరు కొంత ఉంటుంది కదా. అది ఆ తూములోంచి బయటికి పోయేది, గాలి కూడా ఆడేది. ఎంత ముసురు పట్టినా ఆ ఇంట్లో పడుకుంటే వెచ్చగా ఉండేది.

ఏటా రోహిణి కార్తెలో ఆ పనంతా నూకాలే చూసుకునేది. కాలువలో పూడిక తీసేది, ఆకులు మార్చేది, తూములో పుల్ల పెట్టి పొడిచేది. ఆ ఏడు మాత్రం ఆ రోజుల్లోనే ఆమె కని పడుకుంది. ఇద్దరు పిల్లలు. పుట్టిన పిల్లల ముళ్ళు మెత్తగా ఉంటాయి. ముదిరి గట్టిపడేదాకా ఆ పిల్లలు ఏ నోటికైనా వెన్నముద్దలే.

"ఏమయ్యా, ఈసారి నేను లేవలేను. మృగశిర వచ్చేలోగా కాలువ తీసెయ్యి. తూము మరిచిపోకు" అంది నూకాలు.

"నేను చూసుకుంటానుగా. నువ్వు పడుకో" అన్నాడు ఎర్రప్పడు.

పైకెక్కి చూశాడు. కాలువ నిండా నిరుటి మట్టి, వేళ్ళు, రాళ్ళు. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. కాస్త గీరాడు, కాసేపు కూర్చున్నాడు. మళ్ళీ కాస్త గీరాడు.

"తమ్ముడూ, ఇంత ఎండలో ఒక్కడివే కష్టపడుతున్నావా?"

తలెత్తి చూస్తే నక్క గుర్నాథం. ఎప్పుడొచ్చాడో, బండ నీడన తోక చుట్టుకుని కూర్చున్నాడు.

ఎర్రప్పడి ముళ్ళు వాటంతటవే లేచాయి. గుర్నాథం నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "నన్ను చూసి ముళ్ళు లేపుతావేమిటయ్యా? నీ ముళ్ళంటే ఈ మెట్ట మీద పులికి కూడా హడలే. నీ జోలికి నేనొస్తానా? పిల్లలు పుట్టారని విన్నాను, పలకరించి పోదామని వచ్చాను. మగపిల్లలా?"

"ఒకడు మగ, ఒకతి ఆడ" అన్నాడు ఎర్రప్పడు. పులికి కూడా హడలన్న మాట చెవుల్లో తియ్యగా తిరుగుతోంది. ముళ్ళు మెల్లగా వాలాయి.

"చల్లగా ఉండాలి. మరి ఈ గొయ్యి ఎందుకు తవ్వుతున్నావు?"

"గొయ్యి కాదన్నా, కాలువ. వాననీళ్ళకి."

గుర్నాథం లేచొచ్చి కాలువలోకి తొంగి చూసి, తల అడ్డంగా ఊపాడు. "పిల్లలు ఇంకో వారానికి బయటికి వస్తారు. వచ్చిన వాళ్ళు ఊరుకుంటారా? పరుగులు పెడతారు. అవతలి మెట్ట మీద ఉడుము పిల్ల ఒకటి ఇలాంటి దాంట్లోనే పడి మెడ విరుచుకుంది. వాళ్ళమ్మ ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది."

ఎర్రప్పడు కాలువలోంచి కాలు వెనక్కి తీసుకున్నాడు. "నిజంగానా?"

"నేనెందుకు అబద్ధమాడతాను? పూడ్చెయ్యి. వాన పడితే నీళ్ళు ఎలా వచ్చినవి అలా పోతాయి. నీళ్ళకి కాళ్ళు లేవా, దారి తెలీదా?"

కాలువ తియ్యడం కంటే పూడ్చడం ఎంత సులువు! ఒడ్డున ఉన్న మట్టిని వెనక కాళ్ళతో లోపలికి తన్నితే సరి. ఎర్రప్పడు పొద్దు వాలకుండానే ఆ పని పూర్తి చేశాడు. గుర్నాథం పక్కనే కూర్చుని, "అబ్బ, ఏం బలం నీది" అంటూ ఉన్నాడు.

పని అయ్యాక ఇద్దరూ కిందికి దిగారు. పల్లపు మూలన తూము కనపడగానే గుర్నాథం ఉలిక్కిపడ్డాడు.

"ఇదేమిటి, ఇంటికి బొక్క?"

"అది తూము. లోపలి చెమ్మ పోవడానికి."

"చెమ్మ పోవడం సరే, చలిగాలి రావడం మాటో? బాలింత ఉన్న ఇల్లు. పైగా పాముకి ఇంతకంటే మంచి గుమ్మం ఎవరు కట్టిపెడతారు?" గుర్నాథం గొంతు తగ్గించాడు. "నిన్న సాయంత్రం ఇక్కడే ఒక కట్లపాముని చూశాను. నీకు చెప్పకూడదనుకున్నాను."

పాము మాట వినగానే ఎర్రప్పడు ఇంకేమీ ఆలోచించలేదు. వాగు ఒడ్డు నుంచి జిగట మట్టి తెచ్చాడు. గుర్నాథమే ముందుండి చూపించాడు, ముందు రాయి బిగించాలనీ, దాని మీద మట్టి మెత్తి కాలితో తొక్కాలనీ. తూము నోట్లో రాయి పట్టించి, దాని మీద మందంగా మట్టి కొట్టాడు. ఆ ఎండకి అది సాయంత్రానికే బిగిసిపోయింది.

పక్క పొదలో అడవికోడి మంగతల్లి ఇదంతా చూస్తూనే ఉంది. నక్క వెళ్ళిపోయే వరకూ ఆగి, అప్పుడు నోరు విప్పింది.

"ఒరే ఎర్రప్పడూ, ఇంటికి మరమ్మతు చేస్తున్నావా, ఇంటిని పాతిపెడుతున్నావా?"

"నీకు తెలీదులే పిన్నీ. పిల్లలు గలవాణ్ణి, నా భయాలు నాకుంటాయి."

"వాడికెందుకురా నీ పిల్లల మీద అంత బెంగ?"

ఎర్రప్పడు ఇంటివైపు తిరిగాడు. ఆ మాట మాత్రం ఇంట్లోకి వెళ్ళేదాకా వాడి వెంట పడి వచ్చింది. గుమ్మంలో దాన్ని దులుపుకుని లోపలికి వెళ్ళాడు.

"అయిందా?" అంది నూకాలు నిద్రమత్తులో.

"అయింది. నీకు బెంగ లేకుండా చేశాను" అన్నాడు. ఏం చేశాడో ఆమె అడగలేదు, వాడు చెప్పలేదు.

తర్వాతి రోజుల్లో ఇల్లు వెచ్చగానే ఉంది. కాస్త ఎక్కువ వెచ్చగానే ఉంది. "గాలాడటం లేదేమిటయ్యా" అని నూకాలు ఒకసారి అంటే, "బయటే ఆడటం లేదు" అన్నాడు ఎర్రప్పడు. అది నిజమే. ఆకు కదలడం లేదు. మెట్ట వెనక మబ్బు నల్లగా కట్టుకుని, కదలకుండా కూర్చుంది.

ఒక మధ్యాహ్నం ఆ మబ్బు తెగింది.

మొదటి చినుకులకి మట్టివాసన వచ్చింది. ఎర్రప్పడు గుమ్మంలో నిలబడి ఆ వాసన పీల్చుకున్నాడు. ఆ తర్వాత చినుకులు కనపడలేదు, ధారలే కనపడ్డాయి. నల్లరాయి మీంచి నీరు తెల్లగా నురగ కట్టి దిగుతోంది. వాడు దాన్నే చూస్తూ ఉండగా, లోపల్నుంచి నూకాలు కేక వినపడింది.

"ఏమయ్యా! ఆకులు తడిశాయి!"

లోపలికి పరిగెత్తాడు. వెనక గోడ చెమర్చింది. చెమ్మ చుక్కలయింది, చుక్కలు చూస్తుండగానే సన్నటి ధారలయ్యాయి. ఎండుటాకులు నల్లబడి నేలకి అంటుకుపోయాయి. వాటి మీద పడుకున్న పిల్లలు వణుకుతూ కీచుమంటున్నారు.

నూకాలు పిల్లల్ని రెండు చేతుల్లోకీ తీసుకుని గుండెకి హత్తుకుంది. "పొడిగా ఉన్నంతసేపే ఆకు కాపాడుతుంది. తడిసిందంటే ఒంట్లో వేడి లాగేస్తుంది. ఇన్నేళ్ళలో ఈ గోడ ఎప్పుడూ కారలేదు. కాలువ ఏమైంది?"

ఎర్రప్పడు కారుతున్న గోడ వంక చూశాడు.

"కాలువ తీశావా లేదా?"

"పూడ్చేశాను" అన్నాడు.

నూకాలు వాడి వంక ఒక్క క్షణం చూసింది. చటుక్కున వంగి పల్లపు మూలన కాలు పెట్టి తడిమింది. అక్కడ నీరు పోవడం లేదు. నిలిచి ఉంది. "తూము?"

"అదీ మూసేశాను. పాము వస్తుందని... పిల్లలకి చలి అని... గుర్నాథం అన్న..."

"గుర్నాథం" అంది నూకాలు. ఆ పేరుతో ఇక ఆమెకి అంతా అర్థమైపోయింది. "వెళ్ళి తియ్యి. ముందు తూము తియ్యి, తర్వాత కాలువ. పరిగెత్తు!"

ఎర్రప్పడు గుమ్మందాకా పరిగెత్తి, అక్కడే ఆగిపోయాడు.

గుమ్మానికి ఎదురుగా ఉన్న బండ చూరు కింద, ఒక్క వెంట్రుక కూడా తడవకుండా, గుర్నాథం కూర్చుని ఉన్నాడు.

"ఏం తమ్ముడూ, ఇల్లెలా ఉంది?"

"అన్నా! నీళ్ళు వచ్చేస్తున్నాయి! కాస్త సాయం పట్టు, కాలువ తీద్దాం!"

"అయ్యో, దానికేం భాగ్యం. నువ్వు పైకెళ్ళి కాలువ తీసుకో. ఈలోగా నేను గుమ్మంలో ఉండి పిల్లల్ని చూసుకుంటాను." చెప్పి గుర్నాథం మూతి నాక్కున్నాడు.

ఎర్రప్పడు ఆ నాలుక వంక చూశాడు. ఉడుము పిల్ల లేదు, కట్లపాము లేదు. గుర్నాథం ఈ ఇంట్లోకి రావడానికి వారం కిందటే దారి వేసుకున్నాడు, తన చేతే వేయించాడు. తన బలాన్ని మెచ్చుకున్న ప్రతి మాటా ఇప్పుడు వాడి ఒంట్లో ముల్లులా గుచ్చుకుంది.

వెనక్కి తిరిగి, ముళ్ళు విప్పి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"బాగుంది, అలాగే నిలబడు. నేనేం తొందరపడటం లేదు" అన్నాడు గుర్నాథం. "నీళ్ళే తొందరపడుతున్నాయి."

లోపల నీరు మోకాళ్ళ దాకా వచ్చింది. నూకాలు వెనక కాళ్ళ మీద లేచి నిలబడి పిల్లల్ని ఎత్తిపట్టుకుంది. కని ఎన్నో రోజులు కాలేదు, కాళ్ళు వణుకుతున్నాయి.

"నువ్వు గుమ్మం వదిలితే వాడు లోపలికొస్తాడు. నేను పిల్లల్ని దించితే వీళ్ళు మునుగుతారు, గుమ్మం దగ్గరి ఎత్తుకి తెస్తే వాడి నోటికి అందుతారు. ఇక తూము తీసేదెవరు?" అంది.

"లోపల్నుంచి కొరుకుతాను."

ఎర్రప్పడు గుమ్మం వదిలి నీళ్ళలోకి దూకి తూము దగ్గర మూతి పెట్టాడు. లోపలివైపు రాయే తగిలింది. పళ్ళు జారిపోయాయి. రెండోసారి కొరకబోతుండగా నూకాలు అరుపు. తిరిగి చూస్తే గుమ్మంలో గుర్నాథం తల, మెడ, ముందు కాళ్ళు. ఎర్రప్పడు వెనక్కి వెనక్కి పరిగెత్తి వాణ్ణి ముళ్ళతో పొడిచాడు. గుర్నాథం మూలిగి బయటికి గెంతాడు. వాడి చెంపకి ఒక ముల్లు వేలాడుతోంది. దాన్ని కాలితో పీక్కుని మళ్ళీ బండ కిందికి వెళ్ళి కూర్చున్నాడు.

"ఫరవాలేదు తమ్ముడూ, నువ్వు ఎన్నిసార్లు అటూ ఇటూ పరిగెత్తగలవో చూద్దాం."

నీరు ఇంకా లేచింది. నిన్నటిదాకా వెచ్చగా ఉన్న ఇల్లు ఇప్పుడు నిండుతున్న కుండలా ఉంది. పిల్లల్లో ఆడపిల్ల కీచుమనడం మానేసింది. ఎర్రప్పడికి ఆ కీచులాట కన్నా ఆ మౌనమే భరించరానిదయింది.

"నూకాలూ, నేను బయటికి పోయి వాడి మీద పడతాను. చంపితే చంపనీ."

"నువ్వు చస్తే మాకు ఒరిగేదేమిటి? నిలబడు."

ఆమె తల తిప్పి తూము మూల వైపు చూసింది. గుమ్మం వైపు చూసింది. తర్వాత ఉన్నట్టుండి గొంతెత్తి, వాన హోరు మీదుగా వినపడేలా అరిచింది.

"ఏమయ్యా! పిల్లల్ని తూము పైనున్న గూట్లో పడుకోబెట్టేశాను! అక్కడొక్కటే పొడిగా ఉంది!"

ఎర్రప్పడికి మతిపోయింది. తూము పైన గూడేమిటి? అక్కడే కదా నీరు అన్నిటికన్నా లోతు! "నెమ్మదిగా అనవే, వాడికి వినపడుతుంది!"

"వినపడితే ఏం? మట్టి అంత మందాన కొట్టావుగా! దాన్ని తవ్వడం వాడి తరమా? ఇక మనిద్దరం గుమ్మంలోనే ఉందాం, రా! పిల్లలు అక్కడే భద్రం!"

ఎర్రప్పడు వెనక్కి తిరిగి చూశాడు. పిల్లలిద్దరూ నూకాలు గుండెల మీదే ఉన్నారు. ఆమె కళ్ళు వాడి కళ్ళల్లోకి సూటిగా చూస్తున్నాయి. వాడికి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా అర్థమైంది. బయటికి చూశాడు. బండ చూరు కింద గుర్నాథం చెవులు నిక్కబొడుచుకున్నాయి.

మరుక్షణం అక్కడ గుర్నాథం లేడు.

"ఏడువు" అంది నూకాలు గుసగుసగా. "వాడు నమ్మాలి. గట్టిగా ఏడు."

"అన్నా!" అని ఎర్రప్పడు గుమ్మంలోంచి అరిచాడు. "అన్నా, అక్కడ తవ్వకు! నీ కాళ్ళు పట్టుకుంటాను! కావాలంటే నన్ను తిను, పిల్లల్ని వదిలెయ్యి!" దొంగ ఏడుపుగానే మొదలుపెట్టాడు. రెండో మాటకే అది నిజం ఏడుపైపోయింది. ముక్కు కారి, తన మాటలు తనకే వినపడనంతగా ఏడ్చాడు.

పల్లపు మూల గోడ అవతల బరబరమని గోళ్ళ చప్పుడు మొదలైంది. తడిసిన మట్టి పెచ్చులు ఊడుతున్నాయి. తను వారం కిందట ఎంత శ్రద్ధగా తొక్కాడో ఆ మట్టిని నక్క అంత శ్రద్ధగా తీస్తోంది. నీరు నూకాలు పొట్ట దాటింది.

గోళ్ళ చప్పుడు ఆగింది.

వాన ఒక్కటే వినపడుతోంది. ఎర్రప్పడు ఏడుపు ఆపాడు. రాయి తగిలి ఉంటుంది. పెద్ద రాయి. తను ఏరి మరీ తెచ్చిన రాయి. దాన్ని కదపలేక నక్క విసుగొచ్చి వెనక్కి వస్తే? వాన చప్పుడులో అడుగుల చప్పుడు ఉందా లేదా అని చెవులు రిక్కించాడు.

నూకాలు నీళ్ళని తోసుకుంటూ తూము మూలకి నడిచింది. అక్కడ నీరు ఆమె మెడదాకా వచ్చింది. మగపిల్లాణ్ణి తూము పైన గోడకి ఆనించి పట్టుకుని, వాడి చెవి మెల్లగా కొరికింది. పిల్లాడు గట్టిగా కెవ్వుమన్నాడు. బిడ్డకీ నక్క నోటికీ మధ్య జానెడు మట్టి.

అవతల గోళ్ళు పిచ్చిపట్టినట్టు మళ్ళీ మొదలయ్యాయి. రాయి చుట్టూ మట్టి జారుతోంది. రాయి కాస్త ఊగింది, అంతకుమించి కదల్లేదు.

"ఇప్పుడు" అంది నూకాలు, పిల్లల్ని ఎత్తుకుని పక్కకి తప్పుకుంటూ.

ఎర్రప్పడు గుమ్మం వదిలేశాడు. నీళ్ళలోకి మునిగి, రాయికి వీపు ఆనించి, వెనక కాళ్ళు గులకరాళ్ళలో నాటుకుని నెట్టాడు. రాయి కదల్లేదు. ముళ్ళు విరిగి వీపులోకే దిగుతున్నాయి. ముక్కుల్లోకి బురదనీరు పోతోంది. ఆడపిల్ల కీచుమనడం మానేసిందన్న ఒక్క సంగతే తలలో తిరుగుతోంది. ఇంకోసారి నెట్టాడు.

రాయి ఊడింది.

ఇల్లంతా పట్టిన నీరు ఒక్కసారిగా ఆ కంతకి పోటెత్తింది. గుర్నాథం అప్పుడే లోపలికి మూతి దూర్చి, నోరు తెరిచి ఉన్నాడు. ముందు రాయి తగిలింది, తర్వాత గులకరాళ్ళు, తర్వాత విరిగిన ముళ్ళు, ఆ వెనక బురద. అరవడానికి తెరిచిన నోరు నిండిపోయింది. వాలు మీద కాళ్ళు ఆనలేదు. పల్టీలు కొడుతూ, కలబంద పొదని ఒకదాన్ని కౌగిలించుకుని దాన్ని కూడా పెకలించుకుని, కింద వాగులో పడ్డాడు.

లోపల నీరు చుట్టలు తిరుగుతూ దిగిపోసాగింది. ఎర్రప్పడు కూడా కొట్టుకుపోయేవాడే. కంతకి అడ్డంపడి, వీపు ఇరుక్కుని ఆగాడు.

"లే" అంది నూకాలు. "పైనుంచి ఇంకా వస్తోంది. కాలువ."

వాడు లేచాడు. వానలోనే పైకెక్కి, పూడ్చిన మట్టిని గోళ్ళతో, పళ్ళతో లాగిపోశాడు. ఎక్కడా కూర్చోలేదు. గోళ్ళు ఊడి రక్తం వచ్చినా చూసుకోలేదు. రాతి మీది నీరు మళ్ళీ కాలువలో పడి, అటూ ఇటూ చీలి పోవడం కళ్ళారా చూశాకే కిందికి దిగాడు.

నూకాలు గుమ్మం దగ్గర ఎత్తుగా ఉన్న చోట కూర్చుని ఉంది. ఇంటి కప్పులోని చెట్టువేళ్ళ సందున ఎప్పుడో దాచుకున్న పొడి బెరడు ముక్కలు కింద పరుచుకుని, ఆడపిల్లని పొట్ట కింద పెట్టుకుని నాకుతోంది. ఎర్రప్పడు దగ్గరికి రావడానికి భయపడి, అక్కడే తడిలో నిలబడ్డాడు. ఆమె నాకుతూనే ఉంది. పిల్ల కాలు ఒకటి కదిలింది. తర్వాత చిన్నగా తుమ్మింది. తర్వాత, ఆకలేసి కాబోలు, ఇల్లెగిరిపోయేలా కీచుమంది.

ఎర్రప్పడు కూలబడిపోయాడు.

పిల్ల పాలు తాగడం మొదలుపెట్టాక నూకాలు అంది. "వాడు నీకు ఏది చెప్పినా, ఒక్కసారి లోపలికొచ్చి నన్ను అడిగి ఉంటే సరిపోయేది. నీ మీద కోపం అందుకే."

"అడిగితే కాలువ తియ్యమంటావని అడగలేదు" అన్నాడు ఎర్రప్పడు. అంతకంటే నిజమైన మాట వాడు తన జన్మలో అనలేదు.

నూకాలు పిల్లని సర్ది పడుకోబెట్టింది. "వాన తెరిపిచ్చాక ఈ గులకరాళ్ళన్నీ తీసి, కడిగి, ఎండబెట్టి మళ్ళీ పరవాలి. ఆకులు కొత్తవి తేవాలి. నేను లేవను."

"నేను చేస్తాను."

"చేస్తావు" అంది ఆమె. ఆ తర్వాత కాస్త జరిగి, పొడి బెరడు మీద వాడికి కూడా చోటు ఇచ్చింది.

కింద వాగు అవతలి ఒడ్డుకి గుర్నాథం ఎలాగో ఎక్కాడు. ఒక కాలు ఈడుస్తున్నాడు. మూతి రెట్టింపు వాచి, దాని చుట్టూ ముళ్ళు గుచ్చుకుని ఉన్నాయి. మంగతల్లి తడిసిన రెక్కలు విదుల్చుకుంటూ ఇవతలి కొమ్మ మీంచి పలకరించింది.

"ఏం గుర్నాథం, అంత కష్టపడి తవ్వావు. లోపల ఏం దొరికింది?"

గుర్నాథం ఏదో అనబోయి నోరు తెరిచాడు. బురద కారింది, మాట రాలేదు. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని కుంటుకుంటూ అవతలి అడవిలోకి పోయాడు. జీలుగుమెట్ట మీద మళ్ళీ వాడు కనపడలేదు.

ఇంటి అడుగున చెమ్మ చేరకుండా చూసుకోవాల్సింది ఆ ఇంట్లో పడుకునేవాళ్ళే; ఆ పనికి, గుమ్మం బయట ఆకలితో కూర్చున్నవాడి సలహా పనికిరాదు.